మాట లేని మేనత్త

మసాకా పక్క న్యెండో ఊళ్ళో నముబీరు జడ అల్లితే నెల తిరిగినా వదులు కాదని పేరు. నోరు విప్పితే జడ పూర్తయ్యేదాకా మూయదని ఇంకో పేరు. టాక్సీల అడ్డా వెనక వరసలో ఆమెది నీలం తలుపు కొట్టు. లోపల రెండు కుర్చీలు, మూల పగిలిన నిలువుటద్దం, జుట్టు ఆరబెట్టే మిషను, గోడల నిండా జడల బొమ్మలు. ఒక తల అల్లడానికి పూట పడుతుంది. ఆ పూటంతా కుర్చీలో కూర్చున్న మనిషికి ఊరి సంగతులన్నీ చెవిలో పడతాయి. మసాకా బజారు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళంటే సగం ఆమె వేళ్ళ కోసం, సగం ఆమె నోటి కోసం.

పుట్టింది సరస్సు ఒడ్డున, చేపలు ఎండబెట్టుకుని బతికే ఇంట్లో. తండ్రి పడవతో సహా నీళ్ళపాలైతే, చిన్నప్పుడే న్యెండో వచ్చి పిన్ని దగ్గర అల్లకం నేర్చుకుంది. కట్టుకున్నవాడు లారీ మీద జూబాకి సరుకు తోలుతూ తోలుతూ ఒకనాడు అక్కడే ఇంకో కాపురం పెట్టేశాడు. ఆ కబురు మోసుకొచ్చిన మనిషిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొగుణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఈలోగా టీ చల్లారిపోతే మళ్ళీ కాచి ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టిందట. కూతుర్ని మాత్రం చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు ఎంబరారాలో నర్సు.

ఇంత నోరున్న మనిషికి నటించాలని కోరిక ఉండడంలో వింతేమీ లేదు. చర్చిలో ఈస్టరు నాటకం వేస్తే పిలాతు భార్య వేషం ఆమెదే. పాదిరీ రాసిచ్చిన రెండు మాటలకి ఆమె సొంతంగా ఇరవై కలిపేది. పిలాతు వేషగాడు తన వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఇంకా, పరిచయాల వేడుకలుండేవి. పిల్లని అడగడానికి పెళ్ళికొడుకు వాళ్ళు గుడారాల కింద వరసలుగా కూర్చుంటే, పిల్ల మేనత్త వచ్చి ఇందులో మా అల్లుడెవరని వెతికి పట్టుకోవాలి. మాటకారి మేనత్త లేకపోతే ఆ వేడుకకి ఉప్పుండదు. కొందరి మేనత్తలు చచ్చిపోయుంటారు, కొందరు పుట్టింటితో మాటల్లేకుండా ఉంటారు, కొందరికి నలుగురిలో నోరు పెగలదు. అలాంటివాళ్ళు నముబీరుని పిలిచేవాళ్ళు. పసుపు గోమెసి అనే పొడుగు గౌను కట్టుకుని, నడుముకి వెడల్పాటి పట్టీ చుట్టుకుని ఆమె గుడారంలోకి అడుగుపెడితే, "అదిగో, అద్దె మేనత్త వచ్చింది!" అని తెలిసినవాళ్ళు ముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు.

అక్కడే ఆమెని చూశాడు డాములీరా. అతను పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా ఉంటాడు, జేబుల నిండా బ్యాటరీలు. ఎన్నాళ్ళనుంచో సినిమా తీయాలని అతని పిచ్చి. ఒకరోజు నీలం తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు.

"అక్కా, సినిమా తీస్తున్నాను. దయ్యం సినిమా. నువ్వే దయ్యానివి."

"ముందు లోపలికొచ్చి నమస్కారం పెట్టి అప్పుడు దయ్యమను," అంది నముబీరు. కానీ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

కథ చెప్పాడు. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒకడు ఏదో మూల పల్లెకి పరిచయాల వేడుక తీయడానికి పోతాడు. మళ్ళీ తిరిగిరాడు. అరటితోటలో అతని కెమెరా ఒక్కటే దొరుకుతుంది. ఆ కెమెరాలో ఏముందో అదే సినిమా. మొదట్నుంచీ చివరిదాకా ఆ పోయినవాడు తీసిన బొమ్మే.

"అంటే వెలుతురు సరిగ్గా లేకపోయినా పర్లేదన్నమాట," అంది.

"పర్లేదు."

"కెమెరా ఊగినా పర్లేదు."

"ఊగాలక్కా! ఊగితేనే నిజమనిపిస్తుంది. డబ్బున్నవాళ్ళు నిలబెట్టి తీస్తారు. మనం ఊపి తీద్దాం."

నముబీరుకి ఆ మాట నచ్చింది. ఆ వారమంతా కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ తన వేషం సంగతి చెప్పింది. చచ్చిన మేనత్త పెళ్ళికొచ్చి ఏమంటుంది, అన్నదమ్ముల్ని ఎలా నిలదీస్తుంది, తన సమాధి మీద గడ్డి పీకని మేనకోడల్ని ఎలా ఏడిపిస్తుంది, అన్నీ తనే అల్లుకుంది. అద్దంలో చూసుకుంటూ అనుకుంది. నోటికి వచ్చేదాకా అనుకుంది.

చిత్రీకరణ డాములీరా బాబాయి వాళ్ళ అరటితోటలో. నముబీరు గోమెసి కట్టుకుని వచ్చి, గొంతు సవరించుకుని, ఎక్కడ నిలబడి మాట్లాడాలని అడిగింది.

"నీకు మాటల్లేవక్కా," అన్నాడు డాములీరా, కెమెరా తుడుచుకుంటూ.

"మాటల్లేకపోవడమేంటి?"

"నువ్వు వెనకాల కూర్చుంటావు. కెమెరా వంక చూస్తావు."

"చూసి?"

"చూస్తూనే ఉంటావు."

"చూసీ చూసీ ఏమంటాను?"

"ఏమీ అనవు. నువ్వు పోయి పదేళ్ళయింది."

"పోతే మాత్రం నోరు పడిపోతుందా? మా నాయనమ్మ పోయి ఎన్నేళ్ళయింది? ఇప్పటికీ కలలోకొచ్చి తిడుతూనే ఉంటుంది!"

అతను వినలేదు. ఆమె మొహానికి కర్రపెండలం పిండి పూయించాడు. రెప్ప వేయొద్దన్నాడు. మెడ కొంచెం పక్కకి వంచమన్నాడు. మొదట చెట్టు కింద కూర్చోబెట్టాడు, తర్వాత గుడారం అంచున, తర్వాత వంటల దగ్గర, తర్వాత ఇంటి గుమ్మంలో. ఒక్కో బొమ్మలో ఒక్కో అడుగు దగ్గరగా. పెళ్ళివాళ్ళుగా వచ్చినవాళ్ళంతా, డాములీరా చుట్టాలే, తింటున్నారు, పాడుతున్నారు, వాగుతున్నారు. ఆమెకి మాత్రం ఉడికించిన అరటికాయ మటోకె ముద్ద కూడా నోట పెట్టనివ్వలేదు, పిండి చెదురుతుందని. ఆకలి, ఎండ, కళ్ళలో పిండి, నోట్లో ఆగిపోయిన మాటలు. కడుపు మండిపోయింది ఆమెకి. ఆ మంటంతా కళ్ళలోకొచ్చింది. తెరమీద జనం చూసి జడుసుకున్న ఆ చూపు ఎక్కడిదని ఎవరైనా అడిగుంటే ఆమె చెప్పేది. ఎవరూ అడగలేదు.

సినిమా పూర్తయ్యాక డాములీరా చేసిన పని ఇంకోటి. మైకు పెట్టిన వ్యానుని ఊరంతా తిప్పించాడు. "ఇది కట్టుకథ కాదు! అరటితోటలో దొరికిన నిజమైన టేపు! ఆ కెమెరామన్ ఇప్పటికీ దొరకలేదు! గుండె జబ్బు ఉన్నవాళ్ళు రావద్దు!" నముబీరు కొట్టు ముందు నుంచి కూడా వ్యాను పోయింది. పోతుంటే ఆమె నవ్వింది. అప్పటికింకా నవ్వు వస్తోంది.

శనివారం మధ్యాహ్నం మొదటి ఆట. వీడియో హాలంటే రేకుల షెడ్డు, చెక్క బెంచీలు, కిటికీలకి నల్లగుడ్డ. లోపల పట్టపగలే చీకటి. నముబీరు మంచి బట్టలు కట్టుకుని, కొత్త జడలతో, అందరి మధ్యా కూర్చుని చూద్దామని వెళ్ళింది. తలుపు దగ్గర డాములీరా అడ్డం పడ్డాడు.

"అక్కా, నువ్వు కనపడకూడదు! నువ్వు కనపడితే నిజం టేపు కాదని తెలిసిపోతుంది."

"నా సినిమా నేను చూడకూడదా?"

"వెనక గదిలోంచి చూడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

కాళ్ళు పట్టుకోలేదు గానీ చేయి పట్టుకుని వెనక గదిలోకి తోశాడు. అక్కడ సీడీలు ఆడించే పెట్టె, వేడెక్కిన తీగలు, పక్కనే మైకు పట్టుకుని లడ్డూ. వాళ్ళ భాషలో లడ్డూ అంటే మిఠాయి కాదు, పిడుగు. ఏ దేశం సినిమా వచ్చినా బొమ్మ ఆడుతుండగానే మైకులో కథ చెప్పి, మధ్యలో జోకులేసి నడిపించేది అతనే. న్యెండో జనం సినిమా కోసం వచ్చేవాళ్ళో లడ్డూ కోసం వచ్చేవాళ్ళో చెప్పడం కష్టం. నముబీరు చెక్కల సందులోంచి హాల్లోకి చూస్తూ నిలబడింది.

మొదలవగానే జనం విసుక్కున్నారు.

"ఏరా, కెమెరా మేక మెడకి కట్టావా?"

"తల తిరుగుతోంది బాబూ, వాణ్ణి ఒకచోట నిలబడి తియ్యమనండి!"

"తుపాకులెప్పుడొస్తాయి?"

లడ్డూ అందుకున్నాడు. "ఓపిక పట్టండి నాయనలారా! మన కెమెరామన్ పొద్దున్నే సారా వేసుకుని వచ్చాడు. అదిగో పెళ్ళికూతురి తండ్రి, బొజ్జ చూడండి, ముగ్గురు అల్లుళ్ళని మింగినట్టుంది!" హాలంతా విరగబడి నవ్వింది. గోడ పక్కన డాములీరా మొహం మాడిపోయింది. ఎవరో అరటిపండు తొక్క తెర మీదకి విసిరారు. వెనక బెంచీలో ఒకడు నిద్రపోయి గురక కూడా పెట్టాడు. నముబీరు తొలిసారి తెరమీద కనపడ్డప్పుడు ఒక్కరు కూడా చూడలేదు. రెండోసారీ చూడలేదు. "నేనే నేనే, చెట్టు కింద!" అని గొంతు దాకా వచ్చింది ఆమెకి. మింగుకుంది.

అప్పుడు మూడో వరసలోంచి, బిడ్డని ఒళ్ళో వేసుకున్న ఒకావిడ మెల్లగా అంది. "ఆ పసుపు గోమెసి ఆవిడ ఇందాక చెట్టు కింద ఉంది కదా? ఇప్పుడు గుమ్మంలో ఉందేంటి?"

"ఎవరావిడ?"

"ఇందాక వంటల దగ్గర కూడా చూశాను. తినడం లేదు. ఎవరూ ఆవిడతో మాట్లాడ్డం లేదు."

బెంచీలన్నీ ఒక్కసారిగా సర్దుకున్నట్టు కిర్రుమన్నాయి. తర్వాత ఎవరూ నవ్వలేదు. తెరమీద కెమెరామన్ తాను తీసింది వెనక్కి తిప్పి చూసుకుంటాడు, ఆ ఆడమనిషి ఎవరని ఇంటివాళ్ళని అడుగుతాడు, వాళ్ళు ఆ బొమ్మ చూసి మాట్లాడకుండా తలుపేసుకుంటారు. లడ్డూ నోరు తెరిచి ఏదో అనబోయి, మూసుకుని, మైకు ఒళ్ళో పెట్టుకున్నాడు. అతను మైకు దించడం న్యెండోలో అదే మొదటిసారి.

"పారిపో వెధవా! కెమెరా పారేసి పరిగెత్తు!" అని ముందు వరసలోంచి ఒకడు లేచి అరిచాడు.

"వీడికి ప్రాణం కంటే కెమెరా ముద్దు!"

"అద్దెకి తెచ్చింది అయ్యుంటుంది, పాపం!"

చివర్లో కెమెరా కింద పడిపోతుంది. గడ్డి అంచు, దాని వెనక నడిచివచ్చే నముబీరు పాదాలు, ఆ తర్వాత వంగి సూటిగా చూసే ఆమె మొహం. అంతే. ఆడవాళ్ళు కేకలేశారు. ఒక బెంచీ విరిగింది. తలుపు దగ్గర తొక్కులాటలో ఎవరిదో చెప్పు తెగింది. సందులోంచి చూస్తున్న నముబీరుకి ఒళ్ళు పులకరించింది. ఇంతమంది తన మొహం చూసి వణికారు. పిలాతు భార్యగా ఏ ఈస్టరుకీ ఇంత జరగలేదు.

బయట జనం గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటుంటే ఆమె రేకు వెనకాల చెవి ఒగ్గింది, ఎవరైనా బాగా చేసిందంటారేమో అని.

"అది నటన కాదయ్యా. బతికున్న మనిషి అంతసేపు రెప్ప వేయకుండా ఉంటుందా?"

"లుకాయాలో మా తోడల్లుడికి ఆ కుటుంబం తెలుసు. ఆ కెమెరామన్ తల్లి ఇప్పటికీ ఏడుస్తోందట."

"ఆవిణ్ణి నేనెక్కడో చూశాను. ఒట్టు. ఇక్కడే, న్యెండోలోనే."

"అయితే రాత్రుళ్ళు శవాలు తినే మనిషి అయ్యుంటుంది. పగలు మనలాగే తిరుగుతారట. టేపులో దొరికిపోయింది పాపిష్టిది."

నముబీరు నవ్వు అక్కడ ఆగింది.

సోమవారం మొదటి తల కుర్చీలో కూర్చుంది. రోజూ తనతో సమానంగా వాగే పిల్ల. ఆ రోజు అద్దంలో నముబీరు కళ్ళని తప్పించుకుంటూ నోరు కుట్టేసినట్టు కూర్చుంది. పనయ్యాక కిందకి వంగి, నేలమీద రాలిన వెంట్రుకలన్నీ ఏరుకుని రుమాల్లో మూట కట్టుకుంది.

"ఎందుకే అవి?"

"ఊరికే పిన్నీ."

ఊరికే కాదని ఇద్దరికీ తెలుసు. మనిషి వెంట్రుక ఇంకొకరి చేతిలో పడితే ఏమేం చేయించొచ్చో న్యెండోలో చంటిపిల్లకి కూడా తెలుసు. జడలల్లే మనిషి మీద అనుమానం పడితే ఇక కొట్టు మూసుకోవడమే. మంగళవారం వచ్చినావిడ సొంత చీపురు తెచ్చుకుంది. బుధవారం ఇంకొకావిడకి తల సగం అల్లి ఉండగా కరెంటు పోయింది. ఆరబెట్టే మిషను మూలుగుతూ ఆగింది. మధ్యాహ్నమే, తలుపు బార్లా తెరిచే ఉంది, ఎండ కాళ్ళ మీద పడుతూనే ఉంది. అయినా ఆవిడ కెవ్వుమని, మెడకి కట్టిన గుడ్డతోనే, ఒకపక్క జడలు, ఒకపక్క విరబోసుకున్న జుట్టు, టాక్సీల మధ్యనుంచి పరిగెత్తింది. నముబీరు దువ్వెన పట్టుకుని వెంటపడింది, "ఆగవే, సగం తలతో ఎక్కడికే!" అని. చూసినవాళ్ళకి అది ఎలా కనపడిందో చెప్పక్కర్లేదు. దయ్యం పట్టపగలే మనిషిని తరుముతోందన్నారు.

చేపలమ్మే మనిషి చిల్లర చేతిలో పెట్టడం మానేసి బల్లమీద పెట్టి వెనక్కి జరగడం మొదలుపెట్టాడు. చర్చిలో ఆమె బెంచీ ఖాళీ అయింది. ఆమె ఒక్కొక్కరికీ చెప్పింది, అది సినిమా, మొహానికి పిండి, నాకు మాటలు కూడా ఇవ్వలేదు అని. ముందే చెప్పాను కదా అంటే, నువ్వు చెప్పిన మేనత్త మాట్లాడుతుంది, ఇది మాట్లాడదే అన్నారు. చెప్పినకొద్దీ వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. "నిజమైనదైనా ఇదే చెబుతుంది కదా," అన్నారు వెనక. పాదిరీ మంచి మనిషి. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "తల్లీ, నీకు ఇష్టమైతే ఆ ఆత్మని వెళ్ళగొట్టడానికి అందరం కలిసి ప్రార్థన చేద్దాం," అన్నాడు. నముబీరు జవాబు చెప్పకుండా లేచి వచ్చేసింది. ఆమె జవాబు చెప్పకపోవడం ఆయన చూడడం అదే మొదటిసారి. ఆయన అనుమానం గట్టిపడింది.

అన్నిటికంటే మనసు కోసింది నాలోంగో. కవలపిల్లల తల్లి, బట్టల కొట్టు యజమాని, పదేళ్ళుగా నముబీరు చేత తప్ప ఇంకొకరి చేత తల ముట్టించుకోని మనిషి. ఆ శుక్రవారం ఆమె రాలేదు. తలనొప్పని కబురు పంపింది. సాయంత్రం బజార్లో కనపడితే, ఆ తలకి పక్క వీధి కొట్టులో అల్లిన జడలున్నాయి, వంకరటింకరగా.

డాములీరా దొరకడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. దొరికినప్పుడు కోడి కాలు కొరుకుతున్నాడు.

"అది నిజం టేపు కాదని వ్యాను మీద చెప్పించు," అంది.

"అక్కా, కలుంగు హాలు వాళ్ళడిగారు. ల్యాంటొండే హాలు వాళ్ళడిగారు. ఇంకొక్క రెండు వారాలు. జనం నమ్ముతున్నారక్కా! ఇంతకంటే పొగడ్త ఉంటుందా?"

"నీకు పొగడ్త. నాకు పాడె."

"నువ్వు చేసినంత గొప్పగా ఎవరూ చేయలేదు. అందుకే నమ్మారు."

"నేను చేశానని ఎవడికి తెలుసు? ఒక్కడన్నా అన్నాడా నముబీరు చేసిందని? నన్ను చూసి పరిగెడుతున్నారురా. నా కొట్టులో ఈగలు కూడా వాలడం లేదు!"

"కొన్నాళ్ళు ఎంబరారాలో కూతురి దగ్గరుండి రాకూడదూ? నువ్వు మాయమైపోతే ఇంకా బావుంటుంది కూడా..." అన్నాడు. అని, ఆమె చూపు చూసి, కోడి కాలు కింద పెట్టాడు. ఆ చూపు అతనికి బాగా తెలుసు. కెమెరాలోంచి రోజుల తరబడి చూసిందే.

మరుసటి శనివారం మధ్యాహ్నం ఆట మధ్యలో ఉండగా నముబీరు పని బట్టల్లోనే వీడియో హాలుకి వెళ్ళింది. టిక్కెట్టు చించేవాడు ఆమెని చూసి కుర్చీ వదిలేసి పోయాడు కాబట్టి ఆపేవాళ్ళు లేకపోయారు. తెర మీద పాదాలు నడిచివచ్చి, మొహం వంగి చూసి, బొమ్మ ఆగిపోయిన క్షణానికి సరిగ్గా ఆమె తెర ముందుకొచ్చి నిలబడి, "చూడండి, నేను..." అంది.

అంతకుమించి ఎవరూ వినలేదు. హాలు హాలంతా పైకి లేచింది. సోడా సీసా ఒకటి ఆమె చెవి పక్కనుంచి పోయి రేకుకి తగిలింది. సగంమంది తలుపు దగ్గర ఇరుక్కుపోయారు. మిగతా సగం బెంచీల కింద దూరారు. లడ్డూ మైకు దొరకబుచ్చుకుని, "తెర దాటి వచ్చేసింది అమ్మలారా అయ్యలారా! మేనత్త తెర దాటి వచ్చేసింది! డాములీరా, ఇదేం ఏర్పాటు, నాకు చెప్పనే లేదు!" అని అరిచాడు. ఆ మాట విని కొందరు ఇది ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. "మళ్ళీ! మళ్ళీ!" అన్నారు.

నముబీరు లడ్డూ చేతిలోంచి మైకు లాక్కుంది. ఇన్ని రోజులుగా లోపల గడ్డకట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నోళ్ళు ముయ్యండి! నేను నముబీరుని. టాక్సీల అడ్డా వెనక నీలం తలుపు కొట్టు నాది. అదిగో నువ్వు, నీ పెళ్ళానికి పండక్కి జడలు ఎవరల్లారు? నువ్వు, బెంచీ కింద దూరినవాడా, మీ అమ్మ పోయినప్పుడు నేను కూర వండి తేలేదూ? శవాలు తింటానా నేను? కోడి మాంసం కొనడానికే గతిలేదు మీ పుణ్యమా అని! ఆ మొహాన ఉన్నది కర్రపెండలం పిండి. ఆ చూపు ఆకలి చూపు. పొద్దుట్నుంచీ తిండి పెట్టకుండా ఎండలో కూర్చోబెడితే మీరూ అలాగే చూస్తారు!"

ముందు బెంచీలో ఒక ముసలాయన కదలకుండా కూర్చుని ఉన్నాడు. పరిగెత్తే ఓపిక లేకనో, మరెందుకో. ఆయన చేతికర్ర నేలకి కొట్టి అడిగాడు.

"మనిషివైతే వంశం చెప్పు. దయ్యాలకి తాతల పేర్లు గుర్తుండవు."

నముబీరు ఊపిరి తీసుకుంది. మాంబా చేప మా కులగుర్తు, మేం దాన్ని తినం అని మొదలుపెట్టి, తండ్రి పేరు, తాత పేరు, తాత తండ్రి పేరు, వాళ్ళ సమాధులున్న కొండలు, వాళ్ళు తోలిన పడవలు, తడుముకోకుండా చెప్పుకుంటూ పోయింది. తాత తాత దాటి ఇంకా పైకి పోతుంటే ముసలాయనే చేయి ఎత్తాడు.

"చాలమ్మా, చాలు. ఇది మనిషేనర్రా. దయ్యానికి ఇంత నోరుండదు."

హాలు నెమ్మదించింది. బెంచీల కిందనుంచి తలలు బయటికొచ్చాయి. నముబీరు ఇక తేలికపడొచ్చనుకుంది. కొన్ని క్షణాలు తేలికపడింది కూడా.

"అయితే కెమెరామన్ చావలేదా?" అని ఎవరో అడిగారు.

"చావడమేంటి! అదిగో తలుపు దగ్గర చెమటలు కక్కుతున్నాడు."

తలలన్నీ డాములీరా వైపు తిరిగాయి. తర్వాత మళ్ళీ నముబీరు వైపు.

"అంటే ఇదంతా ఉత్తిత్తిదా? దీనికా నేను వారమంతా నిద్ర మానుకుంది?"

"మూడుసార్లు చూశాను నేను. ఆ కెమెరామన్ తల్లి కోసం కొవ్వొత్తి కూడా వెలిగించాను!"

"ఎందుకు చెప్పావమ్మా? ఎవరడిగారు నిన్ను? చక్కగా భయపడుతున్నాం కదా!"

ఈలలు, కేకలు. అరటి తొక్కలు మళ్ళీ లేచాయి, ఈసారి నముబీరు మీదకి. ఆమెని చూసి పారిపోయిన నోళ్ళే ఇప్పుడు ఆమెని మోసగత్తె అన్నాయి. ముసలాయన ఒక్కడే కర్ర ఊపుతూ ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. నముబీరు మైకు లడ్డూ చేతిలో పెట్టి బయటికొచ్చేసింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. అవమానం కాదు, ఒళ్ళు మంట.

వెనకనే డాములీరా పరిగెత్తుకొచ్చాడు. "నా సినిమాని చంపేశావు కదక్కా."

"అది ముందు నన్ను చంపింది."

"ఇంకోసారి ఇంత మంచి సినిమా నేను తీయగలనా?" అన్నాడు. "జనం నవ్వకుండా నా సినిమా చూడడం జన్మలో ఇదొక్కసారే."

ఆమెకి జాలి వేసింది, దాంతో ఇంకా కోపం వచ్చింది. కొట్టాలనిపించి, కొట్టలేక, "ఆ చెమట తుడుచుకో," అని ముందుకి నడిచింది.

న్యెండోలో ఆ సినిమా అంతటితో ఆగిపోయింది. కలుంగులో, ల్యాంటొండేలో మాత్రం నిజం టేపుగానే ఆడింది. అటునుంచి వచ్చే బస్సుల్లోవాళ్ళు ఇప్పటికీ నీలం తలుపు ముందు ఆగి తొంగిచూసి గబగబా పోతుంటారు. డాములీరా చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. మళ్ళీ పెళ్ళిళ్ళ వీడియోలే తీసుకుంటున్నాడు, ఎవరి పరిచయాల వేడుకలోనైనా ఆమె మేనత్తగా వస్తే కెమెరా వేరేవైపు తిప్పేస్తాడు. వేడుకలకి పిలిచేవాళ్ళు తగ్గారు. పిల్లలు వీధిలో "మేనత్తా, రెప్ప వెయ్యకు!" అని అరిచి పారిపోతారు. తలలు తిరిగి వచ్చాయి గానీ ఒకటొకటిగా, అనుమానంగా, ఇంకెక్కడా ఖాళీ దొరకని పండగ ముందు రోజుల్లో మొదలై.

నాలోంగో ఒక వానాకాలపు ఉదయం వచ్చింది. ఏమీ జరగనట్టే కుర్చీలో కూర్చుని తలగుడ్డ విప్పింది. పక్క వీధివాళ్ళు పాడుచేసిన జుట్టు చూసి నముబీరు పెదవి కొరుక్కుంది. ఏమీ అనకూడదనుకుంది, అనకుండా ఉండలేకపోయింది.

"తలనొప్పి తగ్గిందా వదినా?"

"ఎత్తిపొడవకే," అంది నాలోంగో. దువ్వెన చిక్కులు తీస్తూ పోయింది. సగం తల అయ్యాక నాలోంగో అద్దంలో ఆమెని సూటిగా చూసింది.

"నేనూ చూశాను ఆ సినిమా. రెండుసార్లు."

నముబీరు వేళ్ళు నెమ్మదించాయి. ఒక్క మాట వస్తుందేమో, ఎన్నాళ్ళనుంచో రావలసిన ఆ ఒక్క మాట.

"ఒకటి అర్థం కాలేదు నాకు," అంది నాలోంగో. "అంత పెద్ద వేడుక కదా, వేరుశెనగ కూర ఒక్కటే చేశారేంటి? చేపలెందుకు పెట్టలేదు?"

నముబీరు అద్దంలోంచి ఆమె వంక చూసింది. చూసి, దువ్వెన ఉన్న చేత్తోనే ఆమె గడ్డం పట్టి తల నిటారుగా తిప్పింది.

"కదలకుండా కూర్చో వదినా," అంది. "ఇవాళ చాలా పనుంది."